కర్ర నరికే పెద్ద కత్తి ఎంపిక: డెల్టా తోటలకు, లంకలకు సమగ్ర మార్గదర్శి

గోదావరి డెల్టాలో పెద్ద కత్తి కొనాలనుకుంటే సంతకో, ఆన్‌లైన్ దుకాణానికో వెళ్లే ముందు ఒకసారి పెరట్లోకి, చేను గట్టు మీదకి వెళ్లి ఏం నరకాలో చూసి రండి. ఇక్కడ నరికేవాటిలో సగం అసలు చెక్కే కాదు, నార. కొబ్బరి మట్ట, తాటి కమ్మ, వెదురు బొంగు ఒక తీరున తెగుతాయి. సరుగుడు, తుమ్మ, మామిడి ఇంకో తీరున తెగుతాయి. కొండ అడవుల కోసమో, చలిదేశాల పైన్ చెట్ల కోసమో తయారైన కత్తి ఇక్కడ చేతికి నొప్పి తప్ప ఏమీ మిగల్చకపోవచ్చు.

1. ముందు కర్ర సంగతి

పచ్చి కొబ్బరి మట్ట మెత్తగానే ఉంటుంది కానీ తడి నార కత్తిని పట్టేస్తుంది. దానికి సన్నటి అంచు కావాలి. ఎండు మట్ట దీనికి పూర్తిగా తిరగబడుతుంది: పైన పెళుసు, లోపల పీచు. దెబ్బ వాటంగా పడకపోతే కత్తి ఎగిరి వస్తుంది. తాటి కమ్మ కాడ అంచుల్లో నల్లటి రంపపు పళ్లుంటాయి, గట్టిదనం కూడా ఎక్కువ. కొబ్బరి, తాడి, వెదురు మూడింటిలోనూ సిలికా రేణువులుంటాయి. రోజంతా మట్టలు కొట్టిన కత్తి సాయంత్రానికి మొద్దుబారిందంటే తప్పు ఉక్కుది కాకపోవచ్చు, ఆ పని స్వభావమే అంత.

తీరం వెంబడి ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు, అదే సరివి, బరువైన గట్టి కర్ర. పచ్చిగా ఉన్నప్పుడు నరికితే తేలిగ్గా తెగుతుంది, ఎండాక అదే కర్ర కత్తి అంచుకి పరీక్ష పెడుతుంది. తుమ్మ, సర్కారు తుమ్మ కూడా అంతే. పైగా ముళ్లుంటాయి కాబట్టి చేతికీ కొమ్మకీ మధ్య దూరం ఉండేలా కత్తి కాస్త పొడవుండాలి. మామిడి, గానుగ, వేప కొమ్మలు మధ్యరకం.

వరదల్లో కొట్టుకొచ్చి లంకల్లో మేటవేసిన దుంగల సంగతి వేరు. బెరడు పగుళ్లలో ఇసుక దూరి ఉంటుంది. నాలుగు దెబ్బలకే మంచి అంచు కూడా పళ్లు పళ్లుగా లేచిపోతుంది. ఆ దుంగని ముందు నీళ్లతో కడగాలి, నరికే చోట బెరడు ఒలవాలి. లేదా ఆ పనికి పాత కత్తి ఒకటి వేరుగా ఉంచుకోవాలి. రెండోదే తెలివైన పని.

మందం కూడా చూసుకోండి. కత్తి హద్దు మూడు అంగుళాల కర్ర. అది దాటి నాలుగైదు అంగుళాల దుంగలు వారానికి రెండుసార్లు నరకాల్సి వస్తుంటే మీకు కావాల్సింది గొడ్డలి లేదా రంపం. కత్తిని లావు చేసుకుంటూ పోతే అది చెడ్డ గొడ్డలి అవుతుంది, మంచి కత్తిగానూ మిగలదు.

2. ఏ ఆకారం

మన సంతల్లో దొరికే ముక్కు కత్తి, అంటే చివర లోపలికి వంగిన కత్తి, డెల్టా తోటలకి సరిగ్గా అమరుతుంది. ఆ వంపు కొమ్మని జారిపోకుండా పట్టి ఉంచుతుంది, నేల మీద పడ్డ మట్టని వంగకుండానే లాగి తీయొచ్చు, అంచు నేలకి తగిలే లోపు ముక్కు అడ్డుపడుతుంది. దింపు కార్మికులు చెట్టు మీద మట్ట కోసేటప్పుడు దెబ్బకంటే లాగుడు మీదే ఎక్కువ ఆధారపడతారు, దానికి ఈ వంపే ఆధారం. లోపం ఒక్కటే: వంపు లోపలి భాగాన్ని చదును రాయి మీద పదును పెట్టలేం. గుండ్రటి ఆకురాయి కావాలి.

నేపాలీ కుక్రీ ముందుకి వంగి ఉంటుంది, వెన్ను 8 నుంచి 10 మిల్లీమీటర్లు. ఎండు సరుగుడు, తుమ్మకి బాగుంటుంది, పచ్చి మట్టకి అనవసరమైన లావు. మలయా వాళ్ల పరాంగ్ కొబ్బరి, వెదురు దేశాల్లోనే పుట్టింది కాబట్టి పరదేశపు కత్తుల్లో ఇక్కడికి అన్నిటికంటే దగ్గరగా సరిపోయేది అదే. లాటిన్ అమెరికా మచేటీ రెండు మూడు మిల్లీమీటర్ల పల్చటి రేకు. రెల్లు, అరటి, చెరకు కొట్టడానికి హాయిగా ఉంటుంది, ఎండు తుమ్మ మీద వంగుతుంది, జంకుతుంది.

వెన్ను మీద రంపపు పళ్లు ఉన్న నల్లరంగు కత్తులు వద్దు. ఆ పళ్లు కర్ర కొయ్యవు, పొట్టుతో నిండిపోతాయి. పైగా ప్రతి పన్ను మొదలూ పగులు మొదలయ్యే చోటే. వెన్ను మీద చెక్కతో కొట్టి కర్ర చీల్చుకునే వీలు కూడా పోతుంది.

3. పొడవు, బరువు, తూకం

చాలామందికి సరిపోయే కొలత ఇది: అంచు పొడవు 10 నుంచి 13 అంగుళాలు, వెడల్పు 2 నుంచి రెండున్నర అంగుళాలు, వెన్ను మందం పిడి దగ్గర 5 నుంచి 6 మిల్లీమీటర్లు, మొత్తం బరువు 550 నుంచి 750 గ్రాములు. మట్టలూ బొంగులే ఎక్కువైతే ఈ లెక్కలో కింది వైపు ఉండండి. ఎండు సరుగుడు, తుమ్మ అయితే పై వైపు. 900 గ్రాములు దాటిన కత్తి మొదటి పది దెబ్బల్లో గొప్పగా అనిపిస్తుంది. ఆ తర్వాత మణికట్టు అలిసి గురి తప్పుతుంది, ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి.

అయితే అసలు బరువు కంటే అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. కత్తిని అడ్డంగా చూపుడు వేలి మీద నిలబెట్టండి. పిడి ముందు నుంచి రెండు, మూడు అంగుళాల దూరంలో నిలవాలి. పిడి దగ్గరే నిలిస్తే దెబ్బకి బలం ఉండదు, మీరే బలం పెట్టాలి. నాలుగు అంగుళాలు దాటితే పైకి లేపడమే పనవుతుంది, తప్పిన దెబ్బని ఆపలేరు.

ఇంకో చిన్న పరీక్ష. పిడిని వదులుగా పట్టుకుని మెత్తటి మొద్దు మీద మొన నుంచి పిడి దాకా వేర్వేరు చోట్ల నెమ్మదిగా తట్టండి. ఒక చోట తట్టినప్పుడు మాత్రం చేతికి అదురు రాదు. మామూలుగా అది మొన నుంచి మూడోవంతు దూరంలో ఉంటుంది. కత్తి వెడల్పు, బరువు ఎక్కువగా ఉన్న చోటే ఆ బిందువూ ఉంటే కత్తి చేసినవారికి పని తెలుసన్నమాట. రెండూ చెరోచోట ఉంటే రోజూ అదురు భరించాల్సిందే.

4. ఉక్కు

కర్ర కొట్టే కత్తికి కావాల్సింది అన్నిటికంటే గట్టి ఉక్కు కాదు, దెబ్బకి ఓర్చుకునే ఉక్కు. ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలతలో వంటింటి కత్తులు 58, 60 దాకా ఉంటాయి. నరికే కత్తికి 54 నుంచి 57 చాలు. అంతకంటే గట్టిదైతే సరుగుడు కణుపు మీద పెచ్చు లేస్తుంది. 50 కంటే తక్కువైతే అంచు మడతపడుతుంది. ఇందులో మడత నయం, ఆకురాయితో తిరిగి సరిచేసుకోవచ్చు. పెచ్చు లేస్తే ఆ లోతు దాకా మొత్తం అంచు అరగదీయాలి.

కంపెనీ కత్తి అయితే 5160, 1075, 1095 లాంటి కార్బన్ ఉక్కు పేరు రాసి ఉందో లేదో చూడండి. "హై క్వాలిటీ స్టీల్" అని మాత్రమే రాసి ఉంటే ఏమీ రాయనట్టే. సముద్రగాలికి తుప్పు పడుతుందని అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లు స్టెయిన్‌లెస్ వైపు మొగ్గుతారు. చవక స్టెయిన్‌లెస్ పెద్ద కత్తులు అయితే మెత్తగానో, లేదంటే పెళుసుగానో ఉంటాయి. తుప్పు తుడుచుకోవచ్చు, విరిగిన కత్తిని అతికించలేం.

కొలిమి దగ్గర చేయించుకునేదైతే లారీ కమాను కట్ట మంచి ముడిసరుకు. అందులో సుమారు 0.6 శాతం కార్బన్ ఉంటుంది, ఓర్పు కోసమే పుట్టిన ఉక్కు. మామూలు ఇనుప పట్టీతో చేస్తే ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. పాత కట్టతో ఒక చిక్కుంది: ఏళ్ల తరబడి వంగి లేచిన లోహంలో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. ముక్కని శుభ్రం చేసి కిరోసిన్ రాయండి, పది నిమిషాలు ఆగి పొడిగుడ్డతో తుడవండి, సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపల మిగిలిన కిరోసిన్ పైకి పాకి సుద్దలో సన్నటి తడిగీతగా కనిపిస్తుంది. కత్తి తయారయ్యాక ఇదే పరీక్ష మళ్లీ చేయండి, ఎందుకంటే ముంచినప్పుడు కూడా పగుళ్లు పుడతాయి.

ఆచారిగారితో ముందే మాట్లాడుకోవాల్సినవి మూడు. ఒకటి, కాలిన ఉక్కుని నీళ్లలో కాకుండా గోరువెచ్చటి నూనెలో ముంచమనడం. కమాను కట్ట నీళ్లలో పగిలే ప్రమాదం ఎక్కువ. రెండు, కాల్పు సరిపోయిందో లేదో అయస్కాంతంతో చూడటం. సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఇంకాస్త వేడెక్కాక ముంచాలి. తెల్లగా మెరిసేదాకా కాలిస్తే లోపల రేణువులు పెరిగి కత్తి పెళుసవుతుంది. మూడు, ముంచాక తప్పకుండా మళ్లీ సన్నగా వేడి చేసి బిగువు తగ్గించడం. రుద్ది మెరిపించిన ఉక్కు మీద రంగులు నడుస్తాయి: అంచు గడ్డిరంగు దాటి గోధుమ రంగుకి వచ్చేసరికి వెన్ను నీలంగా ఉండాలి. ఈ మూడో పని ఎగ్గొట్టిన కత్తి మొదటి వారంలోనే విరుగుతుంది. చాలామంది ఆచారులకి ఇవన్నీ చేతి అలవాటుగా తెలుసు, గౌరవంగా అడిగితే చాలు. హడావిడి సీజన్లో తొందరపెడితేనే ఏదో ఒకటి జారిపోతుంది.

5. పిడి

కత్తులు ఎక్కువగా పాడయ్యేది పిడి దగ్గరే. సంత కత్తుల్లో రేకు వెనక ఉండే సన్నటి తోకని వేడి చేసి చెక్కలోకి దించి, లక్కతో బిగించి, ముందు పొన్ను, అంటే లోహపు కట్టు, తొడుగుతారు. కొత్తలో గట్టిగానే ఉంటుంది. ఎండలో వదిలేసినా, పొయ్యి పక్కన పెట్టినా లక్క మెత్తబడి కదలడం మొదలవుతుంది. రోజూ వాడే కత్తికి తోక పిడి చివరి దాకా వెళ్లి, వెనక బిళ్ల మీద మడిచి కొట్టినది కావాలి. లేదా కత్తి రేకే పిడి ఆకారంలో వెనకదాకా సాగి, రెండు పక్కల చెక్కలు మూడు మేకులతో బిగించినది కావాలి. పొట్టి తోకైతే కనీసం పిడిలో మూడొంతులకి రెండొంతుల పొడవు ఉందని అడిగి తెలుసుకోండి.

తోక, రేకు కలిసే మూల గుండ్రంగా ఉండాలి. అక్కడ పదునైన లంబకోణం కనిపిస్తే ఆ కత్తి వదిలేయండి, విరిగేది అక్కడే.

పిడి పొడవు 5 అంగుళాలు, అడ్డుకోత కోడిగుడ్డు ఆకారం. గుండ్రటి పిడి చెమట చేతిలో తిరుగుతుంది, అంచు ఎటు ఉందో చేతికి తెలియదు. చివర కాస్త ఉబ్బి కిందికి వంగితే చెయ్యి జారదు. చెక్కల్లో తుమ్మ నమ్మకమైనది. వార్నిష్ ఉంటే గీకి తీసేయండి, బొబ్బలకి అదే కారణం. బదులుగా అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించండి.

6. డబ్బిచ్చే ముందు

వెన్ను కంటి ముందు పెట్టి తుపాకీ గురి చూసినట్టు చూడండి, వంకరుంటే తెలుస్తుంది. పిడి పట్టుకుని రేకుని గోటితో మీటండి: నిండైన మోత రావాలి. జీరగా, చచ్చుగా మోగితే పగులో, వదులు పిడో ఉండొచ్చు. ఒక కొత్త ఆకురాయి జేబులో వేసుకెళ్లండి. అంచు మీద తేలిగ్గా ఒక గీత గీస్తే అది కష్టం మీద పట్టాలి. వెన్నలోకి దిగినట్టు దిగితే మెత్తన, గాజు మీద జారినట్టు జారితే పెళుసు. పిడి దగ్గర, నడుమ, మొన దగ్గర, మూడు చోట్లా చూడాలి, మొన ఒక్కటే గట్టిపడిన కత్తులు చాలా ఉంటాయి.

దుకాణదారు ఒప్పుకుంటే ఎండు కణుపు మీద పది దెబ్బలు వేసి అంచుని వెలుతురుకి పట్టి చూడండి. పదునైన అంచు మెరవదు. ఎక్కడైనా తెల్లటి చుక్క మెరిసిందంటే అక్కడ మడతో, పెచ్చో ఉంది.

కొన్నాక గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్లండి. 2016 ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలకంటే పొడవు లేదా 2 అంగుళాలకంటే వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారైన వాటికి మినహాయింపు ఇచ్చారు. యుద్ధపు కత్తిలా కనిపించేది నడుముకి కట్టుకుని తిరిగితే ఆ మినహాయింపు గురించి పోలీసులకి వివరించాల్సి వస్తుంది. అలాగే కోరింగ అభయారణ్యంలో మడచెట్లు నరకడం నేరం, ఎండుకొమ్మే కదా అనుకున్నా సరే.

7. మొదటి పదును

కొత్త కత్తి అంచు దాదాపు ఎప్పుడూ మందంగానే వస్తుంది. అది లోపం కాదు, మీ పనికి తగ్గట్టు దించుకోవడానికి మిగిల్చిన లోహం. మట్టలకి ఒక్కో పక్క 18 డిగ్రీలు, కలగాపులగం పనికి 22, ఎండు తుమ్మ, సరుగుడుకి 25. కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు. 2 అంగుళాల వెడల్పు కత్తిని రాయి మీద పెట్టి వెన్నుని ముప్పావు అంగుళం ఎత్తితే 22 డిగ్రీలు. 0.6 అంగుళం ఎత్తితే 18కి దగ్గర, 0.85 ఎత్తితే 25.

కత్తిని బల్లకి బిగించి 10 అంగుళాల చదును ఆకురాయితో ముందుకి మాత్రమే తోయండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. అవతలి పక్క అంచు వెంట సన్నటి గరుకు వేలికి తగిలేదాకా ఒక పక్క, తర్వాత రెండో పక్క. ఆపైన కార్బొరండం రాయి గరుకు వైపు, నున్నటి వైపు. చివరగా అంచు వెనక ఉన్న భుజాన్ని, అంటే పదును వాలు రేకుని కలిసే మూలని, కూడా కాస్త గుండ్రంగా అరగదీయండి. ఆ భుజం వదిలేస్తే కత్తి కర్రలో ఇరుక్కుంటుంది, గుండ్రంగా ఉంటే పేళ్లని పక్కకి నెట్టి బయటికొస్తుంది.

వీధుల్లో తిరిగే సాన చక్రానికి, గ్రైండర్‌కి ఇచ్చేటప్పుడు పక్కనే నిలబడండి. అంచు నీలంగా మారిందంటే వేడి 300 డిగ్రీల దగ్గరికి వెళ్లింది, అక్కడ బిగువు పోయింది. ఆ నీలం మేరా ఆకురాయితో తీసేస్తే తప్ప పదును నిలవదు. ప్రతి రెండు మూడు క్షణాలకీ నీళ్లలో ముంచుతూ పట్టమనండి.

8. నరికే తీరు

మోకాలెత్తు మొద్దు ఒకటి పెట్టుకోండి. నేల మీదో, రాయి మీదో, సిమెంటు గట్టు మీదో పెట్టి నరికితే ఇంతదాకా చేసిందంతా ఒక్క దెబ్బలో పోతుంది. కర్ర నేల మీదే ఉంటే మోకాళ్ల మీద కూర్చోండి, అప్పుడు తప్పిన దెబ్బ నేలకి తగులుతుంది, కాలి ఎముకకి కాదు. చుట్టూ మూడు మీటర్ల మేర ఎవరూ ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలు.

అడ్డంగా, నిలువుగా కొట్టొద్దు. 45 డిగ్రీల వాలులో ఒక దెబ్బ, ఎదురు వాలులో ఇంకో దెబ్బ, పేడు ఎగిరి పడాలి. గంటు వెడల్పు కర్ర మందానికి సమానంగా ఉండాలి. ఇరుకుగా మొదలుపెడితే సగం లోతుకే కత్తి పట్టేస్తుంది. ఇరుక్కుంటే పక్కకి మెలితిప్పకండి, పళ్లు లేచేది అలాగే. పిడిని పైకీ కిందికీ ఆడిస్తూ తీయండి.

వెదురుని కణుపుకి కాస్త పైన కొట్టండి. కణుపుల నడుమ కొడితే బొంగు చీలిపోతుంది. చీల్చాలనుకుంటే చివర నడిమధ్యన అంచు పెట్టి వెన్ను మీద చెక్కతో తట్టండి, ఇనప సుత్తి వద్దు. పూతరేకుల కుండ కింద మంటకి ఎండు కొబ్బరాకు సిద్ధం చేసేవాళ్లకి ఇంత తతంగం అక్కర్లేదు, పల్చటి కత్తితో మట్ట వెంట ఒక్క లాగుడు చాలు. కరెంటు తీగలకి దగ్గరగా ఉన్న మట్టల జోలికి మాత్రం లైన్ ఆపించకుండా వెళ్లొద్దు. పిడికి తాడు కట్టి మణికట్టుకి చుట్టుకునే అలవాటు ఉంటే మానేయండి. చెయ్యి జారిన కత్తి దూరంగా పడాలి, తిరిగి చేతి మీదకి రాకూడదు.

9. తుప్పు, ఒర

తుమ్మ, సరుగుడు బెరడులో ఉండే టానిన్ వల్ల ఉక్కు నల్లబడుతుంది. ఆ నలుపుకి కంగారుపడక్కర్లేదు. ఎర్రతుప్పే శత్రువు. పని అవగానే తుడిచి, జిగురు పట్టి ఉంటే కిరోసిన్ గుడ్డతో తీసి, కొబ్బరి నూనె ఒక చుక్క రాయండి. కొబ్బరి నూనె ఆరి బంక కట్టదు, రోజువారీకి చక్కగా పనికొస్తుంది. వర్షాకాలమంతా మూలన పెట్టేదైతే గ్రీజు పూసి కాగితంలో చుట్టండి. తోలు ఒరలో దాచొద్దు. తోలు డెల్టా గాలిలోని తేమని పట్టి ఉంచుతుంది, నెలలో కత్తి మీద మచ్చలొస్తాయి.

ఒర ఇంట్లోనే చేసుకోవచ్చు. మూడు అంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువునా కోసి, మరిగే నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. రెండు చెక్కల నడుమ అదిమి పలక చేసి, కత్తి చుట్టూ మడిచి, అంచు వైపు వరుసగా రివెట్లు కొట్టండి. అంచుకీ రివెట్లకీ మధ్య అర అంగుళం వదలండి. కింద నీళ్లు పోవడానికి ఒక కన్నం పెట్టండి. మంట మీద మాత్రం వేడి చేయొద్దు, పీవీసీ మాడితే వచ్చే పొగ విషం.

పిడి కదలడం మొదలైతే కత్తిని నీళ్లలో నానబెట్టి చెక్క ఉబ్బిందని సరిపెట్టుకోవద్దు. ఆరాక ముందుకంటే ఎక్కువ కదులుతుంది, లోపల తోక తుప్పు పడుతుంది. పొన్ను తీసి, తోక శుభ్రం చేసి, లక్క బదులు ఎపాక్సీతో బిగించి, 24 గంటలు కదపకుండా ఉంచాకే మళ్లీ మొద్దు దగ్గరికి వెళ్లండి.